పగటి కరెంటు వేరు, రాత్రి కరెంటు వేరు

(విజయవాడలో కొన్ని అపార్ట్‌మెంట్ సంఘాల వాళ్లు కలిసి పెట్టుకున్న సమావేశంలో ఒక రిటైర్డ్ విద్యుత్ ఇంజినీరు చేసిన ప్రసంగం ఇది. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఫ్యాను కింద నాలుగు కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నా ఎదురుగా కూర్చోవడం ఇష్టం లేకే ఎవరూ రావట్లేదంటే మాత్రం నేనేం చేయలేను. (నవ్వులు)

నాకిచ్చిన విషయం, ఇళ్లకు బొగ్గు, గ్యాసు మేలా, సోలారు, ఇండక్షను మేలా అని. ఇద్దరం మాట్లాడాలి, ఒకరు ఇటు, ఒకరు అటు అన్నారు. అటు మాట్లాడాల్సిన ఆయన రాలేదు కాబట్టి రెండు వైపులా నేనే వాదించుకోవాలి. పర్లేదు, బొగ్గుతో కరెంటు తీసే థర్మల్లో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక డాబా మీద ప్యానెళ్లు పెట్టించుకున్నవాణ్ణి, రెండు వైపులా చుట్టరికం ఉంది.

ఈ గొడవ ముందు చలిదేశాల్లో మొదలైందండీ. ఇంగ్లండులో ఎక్కువ ఇళ్లను వెచ్చగా ఉంచేది గ్యాసు బాయిలరే, దాన్ని తీసేసి హీట్ పంపు పెట్టుకుంటే అక్కడి ప్రభుత్వం 7,500 పౌండ్లు సాయం చేస్తోంది. నెదర్లాండ్స్‌లో 2018 జులై నుంచి కొత్తగా కట్టే ఇళ్లకు గ్యాసు కనెక్షన్ ఆపేశారు. అమెరికాలో బర్క్‌లీ అనే ఊరు 2019లో కొత్త భవనాలకు గ్యాసు పైపు వద్దని చట్టం చేస్తే, అది 2023లో కోర్టులో వీగిపోయింది. వాళ్లకు ఇల్లు వెచ్చగా ఉండటం ప్రాణాల మీది వ్యవహారం. మనకు? రోహిణి కార్తెలో బెజవాడ వాళ్ల ముందు ఇల్లు వెచ్చబెట్టుకోవడం గురించి మాట్లాడితే మీరే నన్ను ఆటో ఎక్కించి పంపించేస్తారు. మన గొడవ చల్లబెట్టుకోవడం, వండుకోవడం, ధనుర్మాసంలో ఓ నెల వేణ్ణీళ్లు, అంతే. ఆ హీట్ పంపు అనే మాట విని కంగారు పడకండి, మీ ఇంట్లో ఏసీ అదే. మన ఏసీ లోపలి వేడిని బయటికి తోడుతుంది, వాళ్లు దాన్నే తిరగేసి బయటి గాలిలో ఉన్న కాస్త వేడిని లోపలికి తోడుకుంటున్నారు. వేడిని పుట్టించదు, మోసుకొస్తుంది, అందుకే ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి ఇస్తుంది. మన గీజరుకు ఆ తెలివి లేదు, యూనిట్ తిని యూనిట్ ఇస్తుంది.

సరే, ముందు బొగ్గు తరఫున మాట్లాడతాను, ఈమధ్య దాన్ని తిట్టడం ఫ్యాషనైపోయింది కాబట్టి. ఇబ్రహీంపట్నంలో మన వీటీపీఎస్, అదే మన ఊరి థర్మల్ కేంద్రం, ఇప్పుడు నార్ల తాతారావు గారి పేరు పెట్టారు గానీ నోటికి పాత పేరే వస్తుంది, అందులో మొదటి జనరేటరు 1979లో తిరిగింది. 210 మెగావాట్లవి ఆరు, ఆ తర్వాత 500ది ఒకటి, మొన్నమొన్న 800ది ఒకటి. బొగ్గు సింగరేణి నుంచి, ఒడిశా తాల్చేరు నుంచి రైలు మీద వస్తుంది, నీళ్లు కృష్ణవి. ఈ ఊళ్లో పిల్లలు రాత్రిపూట ట్యూబులైటు కింద చదువుకుని ఇంజినీర్లు అయ్యారంటే అందులో ఆ చిమ్నీల వాటా ఉంది. బొగ్గు చాలకపోతే ఎట్లా ఉంటుందో 2022 ఏప్రిల్‌లో చూశాం కదా, పరిశ్రమలకు పవర్ హాలిడే ఇచ్చారు. ఇవాళ రాత్రి రెండింటికి మీ బెడ్‌రూములో ఏసీ తిరుగుతుంటే, దానికొచ్చే కరెంటులో ఎక్కువ భాగం ఎక్కడో ఒకచోట బొగ్గు మండితే వచ్చిందే.

ఇప్పుడు ఖర్చు చూడండి, డబ్బులు కాదు, బరువు. ఒక యూనిట్ కరెంటుకు సుమారు 700 గ్రాముల బొగ్గు కాలాలి. మన దేశపు బొగ్గులో మూడో వంతుకు పైనే బూడిద. నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు, మొత్తం బొగ్గు కరెంటే అనుకుంటే, నెలకు రెండు క్వింటాళ్ల బొగ్గు, డెబ్బై కిలోల బూడిద. పాతిక కిలోల బియ్యం బస్తాలు మూడు తెచ్చి ప్రతినెలా మీ గుమ్మంలో బూడిద కుమ్మరించి వెళ్తే ఊరుకుంటారా? ఊరుకోరు. కానీ అది మీ గుమ్మంలో పడదు. ఇబ్రహీంపట్నం, కొండపల్లి వైపు వాళ్లు మేడ మీద ఆరేసిన బట్టల మీద పడుతుంది, బూడిద లారీ వెనకాల బండి మీద వెళ్లేవాడి కళ్లల్లో పడుతుంది. ఆ బూడిదతో ఇటుకలు చేస్తున్నారు, సిమెంటులో కలుపుతున్నారు, నిజమే, నేను కాదనను. అయినా ఒకసారి ఆ రోడ్డు మీద బండి నడిపి వచ్చి చెప్పండి.

గ్యాసు సంగతి వేరు. కట్టెలపొయ్యి ముందు కూర్చుని ఊదుగొట్టంతో ఊదిన ఆడవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. పత్తికట్టె, కందికట్టె, పిడకలు, పొట్టు పొయ్యి, ఆ తర్వాత కిరసనాయిలు వత్తుల స్టవ్వు. వాళ్ల దగ్గరికెళ్లి గ్యాసు చెడ్డదమ్మా అంటే చేతిలో ఉన్న గరిటెతోనే సమాధానం చెబుతారు. (నవ్వులు) పొగ పోయింది, దగ్గు పోయింది, గిన్నెల మసి పోయింది. గ్యాసుతో నాకున్న పేచీ ఒకటే. మన దేశంలో కాల్చే ఎల్పీజీలో సగం కంటే ఎక్కువ బయటి నుంచి కొంటున్నదే, అందులోనూ ఎక్కువ గల్ఫ్ నుంచి ఓడల మీద రావాలి. అక్కడ ఎవరైనా తుమ్మితే ఇక్కడ సిలిండర్ బుకింగులో టెన్షన్. పైపు గ్యాసు ఊళ్లో కొన్ని వీధులకు వచ్చింది, సౌకర్యమే, సిలిండర్ మోసే పని లేదు, కానీ అదీ భూమిలోంచి తీసి కాల్చేదే.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, ఇది మాత్రం జాగ్రత్తగా వినండి. ఇండక్షన్ స్టవ్వు ఉంది. అందులో కాలేది ఏమీ లేదు, శుభ్రం, పచ్చ స్టిక్కరు అంటించి అమ్ముతారు. నూరు పాళ్ల వేడి ఉన్న బొగ్గు తీసుకోండి. థర్మల్లో మండిస్తే 35 పాళ్లు కరెంటు అవుతుంది, మిగతాది చిమ్నీలోంచి, కూలింగ్ టవర్లలోంచి గాలిలోకి. తీగల్లో, ట్రాన్స్‌ఫార్మర్లలో పోయేది పోగా మీ ఇంటికి 31 వరకూ చేరుతుంది. ఇండక్షన్ దాన్ని బాగానే వాడుకుంటుంది, అయినా గిన్నెకు చేరేది 27. అదే నూరు పాళ్ల గ్యాసు నేరుగా పొయ్యి మీద వెలిగిస్తే గిన్నెకు 60, 65 చేరుతుంది. అంటే రాత్రి ఎనిమిదింటికి మీరు ఇండక్షన్ మీద కూర వండితే, గ్యాసు మీద వండినదానికంటే రెట్టింపు పైన ఇంధనం ఎక్కడో తగలబడింది. అదే స్టవ్వు, అదే కూర, మధ్యాహ్నం పన్నెండింటికి వండారనుకోండి, అప్పుడు గ్రిడ్‌లో, అంటే ఊళ్లన్నిటినీ కలిపే కరెంటు తీగల వలలో, కర్నూలు, అనంతపురం వైపు నుంచి సోలారు కరెంటు దండిగా ఉంటుంది, మీ డాబా మీద ప్యానెల్ ఉంటే అసలు తీగల దాకా వెళ్లే పనే లేదు. ఆ కూర ఎండతో ఉడికినట్టే. కాబట్టి ఏ స్టవ్వు మంచిదని నన్నడగొద్దు, ఎన్ని గంటలకు వెలిగిస్తారో చెప్పండి, అప్పుడు చెబుతాను.

చిక్కేమిటంటే మన వంట మధ్యాహ్నం కాదు. పొద్దున్నే ఏడింటికి క్యారేజీలు కట్టాలి, సాయంత్రం ఏడున్నర తర్వాత టిఫినో అన్నమో. సూర్యుడు డ్యూటీలో లేని టైములోనే మన పొయ్యి వెలుగుతుంది. ఏసీలు కూడా అంతే. బెజవాడలో ఏసీ పగలు ఆఫీసుల్లో, షాపుల్లో తిరుగుతుంది, ఇంట్లో తిరిగేది రాత్రి పది నుంచి తెల్లారి ఐదు దాకా. పగలంతా ఎండ తాగిన శ్లాబు సరిగ్గా ఆ టైముకే వేడి కిందకి దించుతుంది, పై అంతస్తు వాళ్లకు తెలుసు, మంచం మీద పడుకుంటే పైనుంచి ఎవరో ఇస్త్రీ పెట్టె పట్టుకు నిలబడ్డట్టుంటుంది. ప్యానెళ్లు పెడితే శ్లాబు మీద నీడ పడి ఆ వేడి కొంత తగ్గుతుంది, ఇది బ్రోచరులో రాయరు గానీ నా ఇంట్లో నేను గమనించింది. ప్యానెళ్లకు డబ్బుల్లేకపోతే డాబాకు తెల్ల సున్నం కొట్టించండి, దానికి సబ్సిడీ అక్కర్లేదు. పక్కన తెలంగాణ 2023లో దీనికో పాలసీనే తెచ్చింది.

ఇక ప్యానెళ్ల లెక్క. డాబా మీద ప్యానెళ్లకు సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం కేంద్రం 2024 ఫిబ్రవరిలో పెట్టింది, కోటి ఇళ్లకు లక్ష్యం. రెండు కిలోవాట్ల దాకా కిలోవాటుకు 30,000, మూడోదానికి 18,000, మొత్తం 78,000 మించి ఇవ్వరు. ఒక కిలోవాటుకు డాబా మీద సుమారు వంద చదరపు అడుగులు కావాలి, రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. మూడు కిలోవాట్లయితే నెలకు 360. ఇప్పుడు మన రాష్ట్రంలో ఇళ్ల కరెంటు రేట్ల శ్లాబులు చూడండి, యూనిట్‌కు ఇంత అని: మొదటి 30 యూనిట్లు 1 రూపాయి 90 పైసలు, 75 దాకా 3 రూపాయలు, 125 దాకా నాలుగున్నర, 225 దాకా 6, 400 దాకా 8 రూపాయల 75 పైసలు. మే నెలలో 400 యూనిట్లు కాల్చిన ఇంటికి కరెంటు చార్జీ ఒక్కటే సుమారు 2,550, సర్దుబాటు చార్జీలు ఆ పైన. అందులో చివరి 175 యూనిట్లకే 1,530. బిల్లులో అరవై శాతం ఆ చివరి ముక్కది. అందుకే ప్యానెళ్లు ఎక్కువ కాల్చేవాడికి ముందు గిట్టుబాటు అవుతాయి, వంద యూనిట్ల లోపు ఇంటికి అంత తొందర లేదు. అమ్మేవాడు ఇద్దరికీ ఒకే మాట చెబుతాడు.

ఇంకోటి, మే నెలలో ఎండ దంచేస్తోంది కాబట్టి కరెంటు కూడా దంచేస్తుందని అనుకుంటారు. కాదండీ. ప్యానెలుకు వెలుతురు కావాలి, వేడి అక్కర్లేదు. 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి మూడో వంతు శాతం పైన పడిపోతుంది. మే నెల మధ్యాహ్నం ప్యానెల్ మీద చెయ్యి పెట్టలేరు, 65 డిగ్రీలుంటుంది, అంటే ఏడో వంతు అక్కడే పోయింది. దుమ్ము వేరే. నీడ ఇంకా ఘోరం, ప్యానెళ్లన్నీ వరసగా కలిపి ఉంటాయి కదా, ఒకదాని మీద వాటర్ ట్యాంకు నీడ పడితే వరస మొత్తం కుంటుతుంది. నాకు తెలిసిన ఒకాయన ఇంట్లో కాంట్రాక్టరు ట్యాంకుకు పడమరగా బిగించి వెళ్లాడు, పొద్దున తొమ్మిదిన్నర దాకా సగం ప్యానెళ్లు నీడలోనే. ట్యాంకు జరపడానికి ప్లంబరుకు పెట్టిన ఖర్చు వేరు, గోడవతల ఆయనతో పడిన మాటలు వేరు.

ఇప్పుడు 2024 సెప్టెంబరు. బుడమేరు వాగు పొంగి ఊరు మునిగినప్పుడు సింగ్ నగర్, పాయకాపురం వైపు ఉన్నవాళ్లు ఈ హాల్లో ఉంటారు. రోజుల తరబడి కరెంటు లేదు. కొందరు డాబాల మీద ప్యానెళ్లు ఉన్నాయి, పైన ఎండ కూడా వచ్చింది, ఇంట్లో మాత్రం బల్బు వెలగలేదు. ఎందుకు? మనం పెట్టేది గ్రిడ్‌కు కట్టేసిన ఇన్వర్టరు, ప్యానెల్ కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె అది, అందులో బ్యాటరీ ఉండదు. వీధిలో కరెంటు పోతే అది తనంతట తాను ఆగిపోవాలి, రూలే అది, లేకపోతే స్తంభమెక్కి తీగ పట్టుకున్న లైన్‌మ్యాన్ మీ ఇంటి సోలారుతోనే పోతాడు. బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరైతే వీధితో సంబంధం తెంచుకుని ఇంటికి ఇస్తుంది, ఖర్చు ఎక్కువ. ఆ నీళ్లలో అన్నం వండగలిగింది ఎవరు? మేడ మీదికి గ్యాసు బండ ఎక్కించుకున్నవాళ్లు. అందుకే నేను ఎవరికీ సిలిండర్ సరెండర్ చేయమని చెప్పను, చెప్పేవాడు ఆ వారం ఈ ఊళ్లో లేడని అర్థం.

(సభలో ఒకరు: మరి ప్యానెళ్లు పెట్టుకున్నవాడు రాత్రి కరెంటు గ్రిడ్ నుంచి తీసుకుంటున్నాడు కదండీ, వాడికి బిల్లు సున్నా ఎట్లా వస్తుంది?)

మంచి ప్రశ్న వేశారు మాస్టారూ, ఇళ్లకు కరెంటు పంపిణీ చేసే డిస్కమ్ వాళ్ల ఏడుపు కూడా అదే. నెట్ మీటరు పగలు మీరు ఇచ్చిన యూనిట్‌ను, రాత్రి మీరు తీసుకున్న యూనిట్‌ను సమానం చేసి కొట్టేస్తుంది. కానీ అవి సమానం కావు. మధ్యాహ్నం యూనిట్ అందరూ ఇస్తామనేదే, రాత్రి యూనిట్ కోసం థర్మల్ వాళ్లు బాయిలరు వేడి మీదే ఉంచాలి. పగలు సోలారు పొంగినప్పుడు థర్మల్ జనరేటర్లను వాటి సామర్థ్యంలో 55 శాతానికి దించి నడుపుతున్నారు, పూర్తిగా ఆపితే సాయంత్రానికి మళ్లీ లేవదు. అలా దించి నడిపితే యూనిట్‌కు బొగ్గు ఎక్కువ తింటుంది, బాయిలరు ట్యూబులు త్వరగా దెబ్బతింటాయి. ఆ ఖర్చు ప్యానెళ్లు లేనివాళ్ల బిల్లులోకి కూడా వెళ్తుంది. నేను ప్యానెళ్లు పెట్టుకున్నవాణ్ణే, నాకు లాభమే, అయినా ఇది ఎల్లకాలం సాగదని నా అభిప్రాయం. కేంద్రం 2023లో రూల్స్ మార్చింది, వేళను బట్టి రేటు ఉండాలని, సోలారు వేళల్లో కనీసం 20 శాతం తక్కువ, వాడకం బాగా పెరిగే పీక్ వేళల్లో ఇళ్లకైతే కనీసం 10 శాతం ఎక్కువ. ఏ వేళకు ఎంత వాడారో లెక్కపెట్టే స్మార్ట్ మీటరు ఉన్నచోటే అది నడుస్తుంది. స్మార్ట్ మీటరు మాటెత్తితే ఊళ్లో గొడవలు, అందులో సగం గొడవ న్యాయమైనదే, ఎందుకంటే మీటరు బిగించే హడావుడి ఉంది గానీ పగటి రేటు తగ్గిస్తామని గట్టిగా చెప్పేవాడు లేడు. తగ్గించి చూపించమనండి, జనమే వచ్చి బిగించమంటారు.

పగటి కరెంటును రాత్రికి దాచడం కొత్త విద్యేమీ కాదు. ఇక్కడికి పైన నాగార్జునసాగర్ ప్రధాన పవర్‌హౌస్‌లో ఏడు జనరేటర్లు వెనక్కి తిరిగి నీళ్లు పైకి తోడగలిగేవే, కట్టినప్పటి నుంచీ. మిగులు కరెంటు ఉన్నప్పుడు నీళ్లు పైకి, కావాల్సినప్పుడు కిందికి. నంద్యాల జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్లది ఇదే పద్ధతిలో తలపెట్టారు. రైతుల మోటార్లకు రాత్రి కాకుండా పగటిపూటే తొమ్మిది గంటలు ఇస్తున్నది చూశారా, అందులో రైతుకు పాముల భయం తప్పడం ఒకటి, గ్రిడ్‌కు కూడా అదే సుఖం.

మన అపార్ట్‌మెంట్లలో చేయగలిగింది అదే. సంపులోంచి ట్యాంకుకు నీళ్లెక్కించే మోటారు మీ వాచ్‌మ్యాన్ ఎన్నింటికి వేస్తాడు? తెల్లారి ఐదింటికి, మళ్లీ సాయంత్రం ఆరింటికి. పదకొండుకు, రెండింటికి వేయమనండి, చాలకపోతే ట్యాంకు ఒకటి పెంచండి. వాషింగ్ మెషీన్, ఇడ్లీపిండి గ్రైండరు, ఇస్త్రీ, ఇవన్నీ మధ్యాహ్నం పనులు. పాత ఫ్యాను 75 వాట్లు, బీఎల్‌డీసీ ఫ్యాను 30 లోపు, రాత్రంతా తిరిగేది ఫ్యానే కదా, మార్చాల్సింది ముందు అది. ఏసీ 24 మీద పెట్టి ఫ్యాను వేసుకోండి. ఇవి చెబితే చిన్న మాటల్లా ఉంటాయి, చప్పట్లు రావు.

(ఒక మహిళ: మాది ఇరవై ఫ్లాట్లండీ, డాబా అందరిదీ. పైన ప్యానెళ్లు పెడదామంటే పై ఫ్లాటు వాళ్లు వద్దంటారు, కింద వాళ్లు డబ్బులివ్వం అంటారు. ఎట్లా?)

అమ్మా, మీరు అడిగింది కరెంటు ప్రశ్న కాదు, బెజవాడ ప్రశ్న. (నవ్వులు) డాబా మీద వడియాలు, ఊరగాయ ముక్కలు ఆరబోయడానికి చోటు పోతుందని పై ఫ్లాటు వాళ్ల బాధ, కాళ్లు ఎత్తుగా కట్టిస్తే కింద మనిషి నడవచ్చు, నీడ కూడా. అందరి ఇళ్లకూ సరిపడా పెట్టడానికి మీ డాబా చాలదు, ఆ ఆశ వదిలేయండి. కామన్ మీటరుకు మాత్రం పెట్టండి: లిఫ్టు, మోటారు, మెట్ల లైట్లు. సంఘాల కామన్ అవసరాలకు సూర్యఘర్‌లో కిలోవాటుకు 18,000 ఇస్తున్నారు. పైగా ఆ బిల్లు మెయింటెనెన్సులో అందరికీ కనబడేదే, తగ్గిందా లేదా అని వాదించుకోవాల్సిన పని ఉండదు. తీర్మానం రాసి, పుస్తకంలో అందరి సంతకాలూ తీసుకుని, ఆ తర్వాతే కాంట్రాక్టరును పిలవండి. ముందు పిలిస్తే వాడు ఒక వర్గంలో చేరిపోతాడు.

(అదే మహిళ: ఇండక్షన్ కొనమంటారా, వద్దంటారా?)

కొనండి. నెలకో గ్యాసు బండ అనుకుంటే, ఆ బండ మొత్తానికి బదులు ఇండక్షనే వాడితే సుమారు 140 యూనిట్లు అవుతుంది. మీరు ఇప్పటికే 200 కాలుస్తుంటే ఆ అదనం 8.75 శ్లాబులోకి పోయి 1,150 దాకా పడుతుంది, బండే చౌక. వందలోపు వాడే ఇల్లయితే 850లోపే తేలుతుంది, దాదాపు సరిసమానం. ప్యానెళ్లు ఉంటే లెక్క వేరు. సత్తు గిన్నెలు పనిచేయవు, గుండ్రటి మూకుడు కూర్చోదు, ఇనప పెనం బ్రహ్మాండంగా పనిచేస్తుంది, పెసరట్టు వేసి చూడండి. వంకాయ మాత్రం మంట మీదే కాల్చుకోండి, దానికి నా దగ్గర ఏ టెక్నాలజీ లేదు. మధ్యాహ్నం ఇంట్లో ఉండేవాళ్లు పాలు, పప్పు, టీ దాని మీద పెట్టుకోండి, పొద్దున క్యారేజీ గ్యాసు మీద కానివ్వండి. ఇంకెవరైనా అడిగేవాళ్లున్నారా? ఆ వెనక బాబు చాలాసేపటి నుంచి చెయ్యెత్తి ఉన్నాడు, మైకు అటు ఇవ్వండి.